రెండో ఇంజను ఉందన్న ధీమా

చిన్న విమానం మాటెత్తితే చాలు, మన ఇళ్ళల్లో మొదట వచ్చే ప్రశ్న "ఎన్ని ఇంజన్లున్నాయి?" అని. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ నీళ్ళ మీంచి లేచి శ్రీశైలం వెళ్ళిన సీప్లేన్‌ని టీవీలో చూసినప్పుడు కూడా చాలామంది ఇదే అనుకుని ఉంటారు. ట్విన్ ఆటర్ అనే ఆ విమానానికి రెక్కల మీద చెరో పక్క ఒక పంకా తిరుగుతూ కనిపించింది. "హమ్మయ్య, రెండున్నాయి. ఒకటి ఆగినా ఇంకోటి ఉంటుంది" అనుకుంటే మనసు కుదుటపడుతుంది.

ఆ ధీమా సగమే నిజమని నా అభిప్రాయం. మిగతా సగం ఇంజన్లలో లేదు, పైలట్ సీట్లో కూర్చున్న మనిషి చేతుల్లోనూ కాళ్ళల్లోనూ ఉంది. పైలట్ అమ్మాయి మీద ఓ కథ రాద్దామని కూర్చుని, విమానాల గురించీ, ప్రమాదాల మీద వచ్చిన విచారణ నివేదికల గురించీ చదవాల్సి వచ్చింది. కథ సంగతి అలా ఉంచండి. చదివినదాంట్లో మనలాంటి ప్రయాణికులకీ, ఆడపిల్లని పైలట్ చదువుకి పంపాలనుకునే తల్లులకీ పనికొచ్చే విషయం చాలా ఉందనిపించింది.

ముందు టర్బోప్రాప్ అంటే ఏమిటో చూద్దాం. జెట్ విమానంలో ఉండేలాంటి టర్బైన్ ఇంజనే ఇందులోనూ ఉంటుంది. కాకపోతే దాని శక్తి బయట ఉన్న పంకాని, అంటే ప్రొపెల్లర్‌ని తిప్పడానికి ఖర్చవుతుంది. చిన్న ఊళ్ళకి వచ్చే ఏటీఆర్ విమానాలు ఈ రకమే. వీటికంటే చిన్నవాటిలో సెస్నా కారవాన్, స్విట్జర్లాండ్ వాళ్ళ పిలాటస్ పీసీ-12 ఒంటి ఇంజనువి. ట్విన్ ఆటర్, కింగ్ ఎయిర్ రెండు ఇంజన్లవి. తమాషా ఏమిటంటే, ఈ నాలుగింటికీ ఉన్నది ఒకే వంశానికి చెందిన ఇంజను. కెనడాలో తయారయ్యే పీటీ6. అంటే ఒంటి ఇంజను విమానంలో నాసిరకం ఇంజనూ, జంట ఇంజన్ల దాంట్లో మేలురకం ఇంజనూ పెట్టారనుకోవడానికి వీల్లేదు.

పాత రోజుల్లో పెట్రోలుతో నడిచే పిస్టన్ ఇంజన్లు తరచూ మొరాయించేవి. అంచేత రెండుండాలన్న పట్టుదల అప్పుడు సబబే. టర్బైన్లు వచ్చాక లెక్క మారింది. రాత్రివేళా, మబ్బుల్లోనూ ఒంటి ఇంజను విమానంలో ప్రయాణికుల్ని తీసుకెళ్ళాలంటే, ఆ రకం ఇంజను శక్తి కోల్పోయే సందర్భాలు 1,00,000 గంటలకి ఒకటి కంటే తక్కువ ఉండాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం పెట్టింది. 1,00,000 గంటలంటే ఒక ఇంజను రాత్రింబవళ్ళు ఆగకుండా పదకొండేళ్ళకి పైగా తిరగడం! యూరప్ కూడా 2017లో ఇలాంటి ప్రయాణాలకి ఒప్పుకుంది.

సరే, అయినా ఆగిందే అనుకుందాం. అప్పుడు పైలట్ ఏం చెయ్యాలి? అసలు తేడా ఇక్కడే ఉంది.

జోడెడ్ల బండిని గుర్తు తెచ్చుకోండి. పరుగు మీదున్న బండిలో ఎడమ ఎద్దు కూలబడి, కుడి ఎద్దు మాత్రం బలంగా లాగుతూ ఉంటే ఏమవుతుంది? బండి ఎడమకి తిరిగి గోతిలో పడుతుంది. విమానం కూడా అంతే. ఎడమ ఇంజను ఆగితే ముక్కు ఎడమకి కొట్టుకుపోతుంది. పైలట్ వెంటనే కుడి కాలితో పెడల్‌ని గట్టిగా తొక్కిపట్టి దాన్ని నిలబెట్టాలి. వేగం ఒక హద్దు కంటే తగ్గితే ఎంత తొక్కినా విమానం మాట వినదు, ఆ పక్కకి తిరగబడుతుంది. పైగా ఆగిన పంకా గాలికి అడ్డం పడి వెనక్కి లాగుతూ ఉంటుంది. దాని రెక్కల్ని గాలివాలుకి కత్తి అంచులా తిప్పేయాలి. దీన్నే ఫెదర్ చేయడం అంటారు. ఈ పనులన్నీ టేకాఫ్ వేళ, నేల ఇంకా దగ్గరగా ఉండగానే చెయ్యాలి. శక్తి సగం పోయింది కదా, పైకెక్కే బలమూ సగమే పోతుందనుకుంటాం. కాదు, అంతకంటే చాలా ఎక్కువ పోతుంది. మన బెజవాడ మే నెల ఎండలో గాలి పలచబడ్డప్పుడు ఆ మిగిలేది మరీ తక్కువ.

ఏ ఇంజను ఆగిందో తెలుసుకోవడానికి పైలట్లకి ఒక గుర్తు నేర్పుతారు. ఏ కాలికి పని లేదో ఆ వైపు ఇంజనే చచ్చినట్టు. వినడానికి ఎంత తేలికో! కానీ 2015 ఫిబ్రవరి 4న తైవాన్‌లోని తైపేలో ఏం జరిగిందో చూడండి. ట్రాన్స్ఏషియా వాళ్ళ ఏటీఆర్ విమానం గాల్లోకి లేవగానే కుడి పంకా దానంతటదే ఫెదర్ అయిపోయింది. ఎడమ ఇంజను నిక్షేపంగా ఉంది. కెప్టెన్ కంగారులో ఆ బాగున్న ఇంజనునే తగ్గించి, ఆపేశాడు. తప్పు తెలిసి మళ్ళీ రాజేసేసరికి సమయం మించిపోయింది. విమానం నదిలో పడి 58 మందిలో 43 మంది చనిపోయారు. టేకాఫ్‌లో ఇంజను ఆగినప్పుడు ఎలా వ్యవహరించాలన్న దాంట్లోనే ఆ కెప్టెన్ సిమ్యులేటర్ పరీక్షల్లో తడబడ్డాడని విచారణలో బయటపడింది. ఆ విమానం ఒక ఇంజనుతో పైకెక్కగలదు. అలా ఎక్కించగల అభ్యాసమే కరువైంది.

ఒంటి ఇంజను పైలట్‌కి ఈ తికమక లేదు. ఏది ఆగిందన్న అనుమానానికి తావే లేదు. ముక్కు కాస్త దించి, వేగం నిలుపుకుని, దిగడానికి చోటు వెతుక్కోవడమే. ఇంజను ఆగగానే విమానం రాయిలా పడిపోతుందని మనం భయపడతాం గానీ, అది గద్దలా తేలుతూ దిగుతుంది. పీసీ-12 లాంటిది 10,000 అడుగుల ఎత్తు నుంచి 30 కిలోమీటర్లకి పైనే తేలుతూ వెళ్ళగలదు. కాబట్టి తెలివైన ఒంటి ఇంజను పైలట్ దారిపొడుగునా "ఇప్పుడాగితే ఎక్కడ దిగాలి" అని కింద చూసుకుంటూనే ఉంటాడు. ఆ జాగ్రత్తే అతని రెండో ఇంజను.

అలాగని ఒంటి ఇంజనే మేలని చెప్పడం నా ఉద్దేశం కాదు. కింద నల్లమల అడవీ కొండలూ ఉంటే, అర్ధరాత్రి సముద్రం ఉంటే, తేలి తేలి దిగేదెక్కడ? టేకాఫ్ అయిన మరుక్షణంలో ఆగితే చోటు వెతుక్కునే ఎత్తైనా ఉండదు. అలాంటిచోట అభ్యాసమున్న పైలట్‌కి రెండో ఇంజను ప్రాణదాతే. ఆస్ట్రేలియాలో 1928 నుంచి పల్లెలకి వైద్యం అందిస్తున్న ఫ్లయింగ్ డాక్టర్ సంస్థ ఒంటి ఇంజను పీసీ-12నీ, జంట ఇంజన్ల కింగ్ ఎయిర్‌నీ, రెండింటినీ వాడుతూ వచ్చింది. నొప్పులు పడుతున్న తల్లినీ, గాయపడ్డ రైతునీ రాత్రిపూట మట్టి రన్‌వే మీంచి తీసుకెళ్ళే వాళ్ళకి ప్రాణం విలువ తెలియక కాదు కదా!

ఇంకో మాట. రెండు ఇంజన్లున్నా వాటికి ఇంధనం పోసేదీ, మీటలు కదిలించేదీ ఆ మనుషులే. 2005 ఆగస్టు 6న ప్రమాదానికి గురైన ట్యునిషియా ఏటీఆర్ 72 విమానానికి అంతకుముందు, దానికంటే చిన్న రకపు విమానంలో వాడే ఇంధనం మీటరు బిగించారు. టాంకులో లేని ఇంధనం ఉన్నట్టు చూపించింది అది. రెండు ఇంజన్లూ ఆగి, విమానం సిసిలీ దగ్గర సముద్రంలో దిగింది. 39 మందిలో 16 మంది పోయారు. మన ఇంట్లో రెండో గ్యాస్ సిలిండరు ఉందన్న ధీమాతో ఉండి, చుట్టాలొచ్చిన రోజున అదీ ఖాళీదేనని తెలిస్తే ఎలా ఉంటుంది? వంటింట్లో అయితే పక్కింటి వాళ్ళని అడుగుతాం. ఆకాశంలో ఎవర్ని అడగాలి?

2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ విమానం నడుపుతున్నది అంజు ఖతివడా. ఆమె భర్త కూడా పైలటే. 2006లో జుమ్లా దగ్గర అదే యతి ఎయిర్‌లైన్స్ ట్విన్ ఆటర్ కూలి పోయాడు. బీమాగా వచ్చిన డబ్బుతో ఆమె అమెరికా వెళ్ళి పైలట్ చదువు చదివి, 2010లో ఆ సంస్థలోనే చేరింది. ఎంత గుండె నిబ్బరం! పోఖరాలో దిగబోతుండగా పక్కనున్న సీనియర్ పైలట్ ఫ్లాప్స్ మీట బదులు ప్రొపెల్లర్ల మీటల్ని కదిలించి ఉంటాడని విచారణ తేల్చింది. రెండు ఇంజన్లూ తిరుగుతూనే ఉన్నాయి, కానీ రెండు పంకాలూ ఫెదరై లాగడం మానేశాయి. ఇంజన్ల నుంచి శక్తి రావడం లేదని ఆమె చెప్పింది కూడా. ఎందుకో కనిపెట్టే వ్యవధి దొరకలేదు. 72 మందీ పోయారు. ఆ రోజు ఏ ఇంజనూ చెడిపోలేదు.

ఇదంతా ఆడపిల్లల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. 1985లోనే కెప్టెన్ సౌదామినీ దేశ్‌ముఖ్, నివేదితా భసీన్ కలిసి కలకత్తా-సిల్చర్ దారిలో ఫోకర్ ఫ్రెండ్‌షిప్‌ని నడిపారు. అదీ జంట ఇంజన్ల టర్బోప్రాపే. అంతకుముందు 1947 నాటికే ప్రేమ్ మాథుర్‌కి మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్ ఉద్యోగం ఇచ్చింది. ప్రపంచ సగటు కంటే మహిళా పైలట్ల శాతం మన దేశంలోనే ఎక్కువ. ఆడపిల్లలకి ఆ పని చేతనవునా అన్న ప్రశ్నకి ఎప్పుడో జవాబు దొరికింది. ఇక అడగాల్సింది, వాళ్ళకి నేర్పేవాళ్ళు సరిగ్గా నేర్పుతున్నారా అని.

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. అందులో ఎక్కువ భాగం ఒంటి ఇంజను మీదే. జంట ఇంజన్ల విమానం గంట ఖర్చు ఎక్కువ కాబట్టి దాని మీద గడిపే గంటలు తక్కువ. పొలం అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో ఫీజు కట్టే తల్లిదండ్రులు ఆ స్కూల్లో హాస్టలు ఎలా ఉంది, ఉద్యోగం ఇప్పిస్తారా అని అడుగుతారు. దాంతోపాటు ఇవి కూడా అడగండి. జంట ఇంజన్ల మీద ఎన్ని గంటలు ఇస్తారు? ఒక ఇంజను ఆగినట్టు ఎన్నిసార్లు సాధన చేయిస్తారు? సిమ్యులేటర్ ఉందా? విమానాల మరమ్మతు ఎవరు చూస్తారు? "మీకెందుకమ్మా ఇవన్నీ" అంటే, మా పిల్ల ప్రాణం కనక మాకే కావాలని చెప్పండి.

రేపు మన ఊళ్ళకి సీప్లేన్లు వచ్చినా, చిన్న విమానాలు వచ్చినా మనం అడగాల్సింది కూడా ఇదే. ఇంజన్లు ఎన్నున్నాయో చూడగానే తెలుస్తుంది. పైలట్లకి సాధన ఎంత ఉందో, మరమ్మతు ఎలా జరుగుతోందో అడిగితే తప్ప తెలియదు.