అమ్మానాన్నలు లేనిచోట వాళ్ల ఇంటి సంగతి తేల్చకండి

విశాఖలోని గాజువాక, కూర్మన్నపాలెం, మల్కాపురం ఇళ్ల గురించి ఇప్పుడు దూరాన ఉన్న పిల్లల మధ్య గుట్టుగా ఒక మాట నడుస్తోంది. అన్నయ్య బెంగళూరులో, చెల్లి డల్లాస్‌లో, మాటలన్నీ వాట్సాప్ కాల్‌లో. ఇల్లు అమ్మేద్దామా, ఎవరి పేరన రాయిద్దామా, ఆర్నెల్లకొకరు వంతులేసుకుందామా అన్నీ అక్కడే తేలిపోతాయి. అమ్మానాన్నలకు కబురుండదు. ఇది ప్రమాదం, వెంటనే ఆపాలి.

చాలామంది పిల్లల్లో దురుద్దేశం లేదు. నాన్నకి చెబితే బీపీ పెరుగుతుందనే దాస్తారు. కానీ ఆయన ఎవరు? విశాఖ ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేసేనాటికే కొలువులో ఉన్న తరం. రిటైరయ్యాక ఉక్కునగరం క్వార్టరు ఎల్లకాలం ఉండదని పీఎఫ్, గ్రాట్యుటీ పోసి ఇల్లు కట్టుకున్నారు. కోక్ ఓవెన్ల దగ్గర నైట్ షిఫ్టులు చేసిన మనిషి తన ఇంటి మాట వింటే తట్టుకోలేడా?

ఇక కాగితం ముందుకొస్తుంది. "ఇక్కడ సంతకం పెట్టు నాన్నా, మిగతాది మేం చూసుకుంటాం." అది గిఫ్ట్ డీడ్ అయితే, రిజిస్టరయ్యాక ఇల్లు ఆయనది కాదు. మనసు మారితే తిరగరాసుకోడానికి వీలునామా కాదది.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది కదా అని ధీమా వద్దు. చూసుకుంటామన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే రద్దు చేయొచ్చని 23వ సెక్షన్ చెబుతుంది. ఆ షరతు ఉందని చూపలేకపోతే సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో తేల్చింది. 2025 జనవరిలో ఒక తల్లి కేసులో చట్టాన్ని ఉదారంగా చదివి ఆస్తి వెనక్కిప్పించింది. కానీ అక్కడ కొడుకు రాసిచ్చాడన్న హామీపత్రం ఉంది. నోటిమాటే నమ్ముకున్నవాళ్ల గతేమిటి?

అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ మాట్లాడుకోండి, తప్పులేదు. మందుల ఖర్చు ఎవరెంత అన్నది మీలో మీరే తేల్చుకోండి. ఎక్కడుండాలి, ఇల్లేం చేయాలి అన్నవి మాత్రం వాళ్ల ఎదుటే. అమ్మకి మతిమరుపు మొదలైనా సరే, చెప్పగలిగినన్నాళ్లు చెప్పనివ్వండి.

పెద్దలారా, చదవకుండా, చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. పోషణ షరతునీ, బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కునీ దస్తావేజులోనే రాయించండి. ఇప్పటికే రాసిచ్చి ఇబ్బంది పడుతుంటే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టండి, లాయరు అక్కర్లేదు. దారి తెలియకపోతే వృద్ధుల సహాయవాణి 14567కి ఫోన్ చేయండి. కాల్ ఉచితం.