ఆకలి చేసిన బదిలీకి రెండు పన్నులా?

కామాటిపుర అన్న పేరే ఒక సాక్ష్యం. తెలుగు నేల నుంచి వలస వెళ్లి, రాళ్లు మోసి, బొంబాయి గోడలు లేపిన కామాటీల పేరిట వెలసిన పేట అది. ఆ వలస నేటికీ ఆగలేదు. ముంబయి తెలుగు చాళ్లకు వచ్చే శ్రామికుడు సొంత ఊరి నుంచి పాత మోటారు సైకిలును వెంట తెచ్చుకుంటే చట్టం అతనికిచ్చే స్వాగతమేమిటో చూడండి.

1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం, వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు సొంత రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. కరీంనగర్‌లో కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన భాగాన్ని మహారాష్ట్ర జమ కట్టుకోదు. ముందు అక్కడ మళ్లీ పన్ను కట్టాలి, ఆపై ఇక్కడ వాపసు కోసం అర్జీ పెట్టాలి. రోజు కూలి వదులుకొని రెండు రాష్ట్రాల కార్యాలయాల చుట్టూ తిరగగలవారెందరు?

ఈ బాధ కేంద్రానికి తెలియనిది కాదు. రాష్ట్రం మారినా నంబరు మారనక్కరలేని బి.హెచ్. శ్రేణిని 2021లో తెచ్చింది. అయితే అది సైనికులకు, ప్రభుత్వోద్యోగులకు, నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాలలో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు మాత్రమే. ఉత్తర్వు బదిలీ చేసినవారికి వెసులుబాటు, ఆకలి బదిలీ చేసినవారికి రెండు పన్నులు! 14వ అధికరణం చెప్పిన సమానత్వం ఇదేనా?

దీనికి తోడు రుసుముల మోత. పదిహేనేళ్లు దాటిన మోటారు సైకిలు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ 1న 300 రూపాయల నుంచి 1,000కి పెరిగింది. ఆలస్యమైతే నెలకు 300 అదనం. ఇరవయ్యేళ్లు దాటిన బండికి 2025 ఆగస్టులో దానిని 2,000 చేశారు. పాత బండ్లు పొగ కక్కుతాయంటారు. పొగను పరీక్షించండి, కాదనం. కొత్తది కొనలేని పేదరికానికి రుసుము విధించడమెందుకు?

ఈ మార్పులను ప్రకటించిన భారత గెజెట్ వెలువడేది హిందీ, ఇంగ్లీషులలో. తెలుగువాడికి తెలిసేది జరిమానా పడినప్పుడే.

సరిహద్దు జిల్లాల సోదర సోదరీమణులారా! హోసూరు, బళ్లారి, గడ్చిరోలి బంధువులకూ వర్తించేది ఈ 47వ సెక్షనే. మన కోర్కెలు మూడు: ఒక రాష్ట్రంలో కట్టిన పన్నును మరొక రాష్ట్రంలో జమ కట్టాలి, బి.హెచ్. శ్రేణిని వలస శ్రామికులకూ వర్తింపజేయాలి. నిబంధనలను తెలుగులోనూ ప్రకటించాలి.

యూనియన్‌లో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా యూనియన్ అధికారికి ఫిర్యాదు చేసుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. ఎనిమిదవ షెడ్యూలులోని తెలుగు అలాంటి భాష కాదని ఎవరనగలరు? కాబట్టి కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖకు ప్రతి కుటుంబమూ తెలుగులోనే అర్జీ రాయాలి. రసీదు అడిగి తీసుకోవాలి. వాడని హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది.