అల్లిన టోపీ

మార్గశిర, పుష్య మాసాల్లో హోసూరు వైపు ఊళ్లలోనూ, ఒడిశాలోని కొరాపుట్ కొండల్లోనూ తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. పెద్దవాళ్లు చెవులు కప్పుకోనిదే వాకిట్లోకి రారు. అలాంటి ఒక ఊళ్లో తాతయ్యకు టోపీ కానుకగా ఇవ్వాలని మనుమరాలికి తోచిందనుకోండి. బజారుకు పోతే పని చిటికెలో అయిపోతుంది. ఆ పిల్ల మాత్రం రెండు ఉండల ఉన్ని, కొన కొక్కెంలా వంగిన క్రోషే సూది ఒకటి తెచ్చుకొని అరుగు మీద కూర్చుంది.

"కొంటే దొరికేదానికి ఇంత అవస్థ ఎందుకే?" అంటుంది నాయనమ్మ.

"పోనీలెండి అత్తయ్యా, ఊరికే కూర్చునే బదులు ఏదో ఒకటి" అని అమ్మ సర్దిచెబుతుంది.

నాయనమ్మ మాటలో కొంత న్యాయం ఉంది. మంచి ఉన్ని కొంటే, బజారు టోపీ కంటే ఖర్చు ఎక్కువైనా కావచ్చు. అమ్మ మాట మెత్తగా ఉంది గానీ, అన్యాయం అందులోనే ఎక్కువ.

ఎందుకో తెలియాలంటే అల్లిక సంగతి చూడాలి. నాలుగైదు గొలుసు కుట్లు వేసి ఉంగరంలా కలపాలి. ఆ ఉంగరంలో చుట్టూ 12 పొడుగు కుట్లు వేయాలి. రెండో వరుసలో ఒక్కొక్క కుట్టులో రెండేసి వేస్తే 24 అవుతాయి. మూడో వరుసలో ఒకదానిలో ఒకటి, పక్కదానిలో రెండు చొప్పున వేస్తే 36. ఇలా వరుసకు 12 పెరుగుతూ పోతే అల్లిక అప్పడంలా చదునుగా పరచుకుంటుంది. ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లు పడుతుంది, తక్కువైతే దొప్పలా ముందే లేస్తుంది. తాతయ్య తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లయితే టోపీ 53 ఉంటే చాలు, ఉన్ని సాగుతుంది. 53ను 3.14తో భాగిస్తే దాదాపు 17. అప్పడం వ్యాసం 17 సెంటీమీటర్లకు రాగానే పెంచడం మాని, చెవులు మూసేదాకా ఉన్న కుట్ల మీదే అల్లుకుంటూ పోవాలి. నల్లబల్ల మీద అర్థంకాని వృత్తం లెక్క కొందరు పిల్లలకు ఇక్కడ అర్థమవుతుంది. లెక్క తప్పినా భయం లేదు. సూది తీసి దారం లాగితే తప్పు జరిగిన చోటిదాకా విడిపోతుంది, దారం చెడదు. టోపీ అంతా ఒకే రంగు, అంచున మరో రంగు చార ఒకటి ఉంటే అందం. అంతకు మించిన పూలూ కుచ్చులూ తాతయ్య తలకు నప్పవు.

ఇంత లెక్కా, ఇంత ఓపికా కావలసిన పనిని "ఊరికే కూర్చునే బదులు" అనడం కొత్తేమీ కాదు. యానాం ఉన్న గోదావరి డెల్టాలోనే, వశిష్ఠ పాయ ఒడ్డున నరసాపురం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు అక్కడి స్త్రీలకు క్రోషే లేసు అల్లడం నేర్పారు. ఆ లేసు ఓడలెక్కి విదేశాలకు పోయింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ స్త్రీల బతుకును పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఇంటి పని చేసుకుంటూనే వారు రోజుకు 6 నుంచి 8 గంటలు లేసు అల్లేవారు. చేతికి వచ్చేది మాత్రం పొలం కూలి కన్నా తక్కువ. గృహిణులు తీరిక వేళ చేసే పని అని పేరు పెట్టడం వల్లనే అంత తక్కువ ఇవ్వడం సాగిందని ఆమె చూపించారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది సంతోషించవలసిన విషయమే. అయితే ఆ గుర్తింపు లేసు పేరును కాపాడుతుంది గానీ, అల్లిన చేతికి కూలి ఎంతో నిర్ణయించదు.

స్వెట్టర్లనూ మేజోళ్లనూ యంత్రాలు గుట్టలుగా అల్లి పడేస్తాయి. క్రోషే అల్లికను మాత్రం కర్మాగారాలు ఈనాటికీ చేతికే వదిలిపెట్టాయి. కాబట్టి అసలైన క్రోషే టోపీ బజారులో మరీ చవకగా కనిపిస్తే, ఆ తగ్గిన ధర ఎవరి కూలిలోంచి తగ్గిందో అడగాలి. ఒక్క టోపీ అయినా అల్లిన పిల్లకు ఆ ప్రశ్న తోస్తుంది. ఎన్ని సాయంత్రాలు పట్టాయో, ఎన్నిసార్లు విప్పి మళ్లీ వేసిందో తన వేళ్లకు తెలుసు.

నరసాపురంలో అల్లేది స్త్రీలు, ఎక్కువగా అమ్మేది పురుషులు. ఈ ఇంట్లో అలాగే జరగాలని లేదు. తమ్ముడు కూడా అరుగు మీద పక్కన కూర్చుని కుట్లు లెక్కపెట్టవచ్చు. నాయనమ్మకు ఇంకా టోపీ లేదు.