ఇంటిజాగ కూడా కుల ప్రశ్నే

సిద్దిపేటకు కూతవేటు దూరంలోని మా ఊరి మాదిగవాడలో మాకు రెండు అర్రల ఇల్లు ఉంది. తాత వేసిన గూనపెంకల కప్పు పోయి బాపు వేయించిన సిమెంటు రేకులు వచ్చాయి తప్ప ఇల్లు పెరగలేదు. మనుషులు మాత్రం పెరిగారు. పెద్దన్న కుటుంబం ఒక అర్రలో, చిన్నన్న కుటుంబం మరో అర్రలో, అవ్వా బాపులు వసారాలో ఉంటున్నారు. పండుగకు నేను ఊరికి వెళ్తే పడక చిన్నాయన వాళ్ల అరుగు మీదనే. మా అన్నలు ఇంటి కోసం రెండుసార్లు దరఖాస్తు పెట్టుకున్నారు. మొదటిసారి విచారణకు వచ్చినాయన ఇంటిని చూసి, ‘మీకు ఇల్లున్నది కదా’ అన్నాడు. రెండోసారి వచ్చినాయన, ‘కట్టుకోవడానికి జాగ ఏది?’ అని అడిగాడు. ఇల్లున్నందుకు ఒకసారి, జాగ లేనందుకు మరోసారి మేము అనర్హులమయ్యాం.

ఆ ఇద్దరిమీదా నాకు కోపం లేదు. వారి చేతిలో ఉన్న కాగితం ఏది అడగమంటే వారు అదే అడిగారు. నా పేచీ ఆ కాగితంతోనే. ఇల్లు లేనివారెవరు అన్న ప్రశ్నకు మన ప్రభుత్వాలు రాసుకున్న జవాబులోనే తెలంగాణ పల్లెల్లోని వేలాది దళిత కుటుంబాలు కనిపించకుండా పోతున్నాయి.

జనగణన దృష్టిలో ఇల్లు లేనివారంటే రోడ్డు పక్కన, వంతెనల కింద, గుడి మంటపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవారు. 2011 జనగణన దేశం మొత్తంమీద అటువంటివారిని 17.7 లక్షల మందిగా లెక్కించింది. ఆ మరుసటి ఏడాదే పట్టణ గృహ కొరతపై కేంద్రం నియమించిన నిపుణుల బృందం వేరే లెక్క చెప్పింది. పట్టణాల్లో కొరత 1 కోటి 87 లక్షల ఇళ్లయితే, అందులో పూర్తిగా నిలువనీడ లేనివారి వాటా 5.3 లక్షలే. దాదాపు 1 కోటి 50 లక్షల కొరతకు కారణం ఇరుకు. అంటే ఒక కప్పు కింద రెండు మూడు కాపురాలు నలిగిపోవడం. పట్టణానికి వర్తించిన ఈ కొలతను మా వాడకు ఎందుకు వర్తింపజేయరు? వసారాలో పడుకునే అవ్వా బాపులు ఇల్లున్నవారి కిందికే వస్తారా?

ఇక జాగ సంగతి. గ్రామీణ గృహ నిర్మాణంలో 2016 దాకా కేంద్ర ప్రభుత్వ ప్రధాన పథకంగా ఉన్న ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో మొదలైనప్పుడు అది ఎస్సీ, ఎస్టీలకు, వెట్టి నుంచి విముక్తులైనవారికి ఉద్దేశించిన పథకం. ఇతర పేదలకు దాన్ని విస్తరించింది 1993-94లో. ఇల్లు లేకపోవడానికీ కులానికీ ఉన్న సంబంధాన్ని ఆనాటి విధానకర్తలు అంతమేరకైనా గుర్తించారు. అదే ఇందిర పేరుతో 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన నేటి ఇందిరమ్మ ఇళ్ల పథకం 5 లక్షల రూపాయల సాయం ఇస్తున్నది. ఇంటిని మహిళ పేరు మీద మంజూరు చేస్తున్నది. ఈ రెండూ మెచ్చుకోదగినవే. కాని తొలి విడతలో సొంత జాగ ఉన్నవారికే అవకాశం. ప్రజాపాలన దరఖాస్తులను వడపోసి జాగ ఉండి ఇల్లు లేనివారిని ఎల్-1గా, జాగా ఇల్లూ రెండూ లేనివారిని ఎల్-2గా విభజించారు. ఎవరికి అవసరం ఎక్కువో వారు జాబితాలో రెండో వరుసకు వెళ్లారు. ఆకలి ఎక్కువున్నవాడిని రెండో పంక్తిలో కూర్చోబెట్టడం వంటిదిది. అంతకుముందు 2023లో వచ్చిన గృహలక్ష్మి పథకమూ సొంత జాగ ఉన్నవారికే 3 లక్షలు ఇస్తామన్నది. పార్టీలు మారినా ఈ షరతు మారలేదు.

జాగ ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు అన్నది అదృష్టానికి సంబంధించిన విషయం కాదు. ఊరు ఎక్కడ ఉండాలో, వాడ ఎక్కడ ఆగిపోవాలో తరాల కిందటే గీతలు గీశారు. ఊరి ఇండ్లకు పెరళ్లున్నాయి, దొడ్లున్నాయి, కొట్టాలున్నాయి. కొడుకులు వేరుపడితే దొడ్డి పక్కన ఇంకో ఇల్లు లేస్తుంది. వాడకు ఒక పక్క చెరువు కట్ట, ఇంకో పక్క పట్టాదారు పొలం, మూడో పక్క బొందలగడ్డ. అన్నదమ్ములు వేరుపడితే అర్ర మధ్యలో చీర కట్టుకోవడమే మిగిలింది. ఉన్న జాగకైనా కాగితం ఉన్నదా అంటే, చాలా వాడలు గ్రామకంఠంలోనివే. తాతముత్తాతల నుంచి ఉంటున్న నేల మీద కూడా చూపించడానికి హక్కు పత్రం ఉండదు. జాగ ఉన్నవారికే ఇల్లు అనే నిబంధనలో ఏ కులం పేరూ లేదు. అయినా అది పాటించేది పాత ఊరు గీసిన గీతనే.

ఇది ఒక్క దళితుల గోడే కాదు. ఊరి నడుమ ఆసాముల దయతో దక్కిన జాగల్లో ఉంటూ వచ్చిన చాకలి, మంగలి, కుమ్మరి కుటుంబాలదీ ఇదే స్థితి. అయితే వారు ఊరిలో పరాధీనులైతే, మేము ఊరి బయట పరాధీనులం.

భూమి లేదు, ఎక్కడి నుంచి తేవాలి అని అడిగేవారు సిద్దిపేట జిల్లా పటాన్ని ఒకసారి చూడాలి. రంగనాయకసాగర్‌కు, 15 టీఎంసీల కొండపోచమ్మసాగర్‌కు 2020లో నీళ్లు వచ్చాయి. 50 టీఎంసీల మల్లన్నసాగర్ 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డకిష్టాపూర్ వంటి ఊళ్లు నీటి అడుగుకు చేరాయి. వాటి కోసం సర్కారు వేల ఎకరాలు సేకరించగలిగింది. 2013 భూసేకరణ చట్టం సాగునీటి ప్రాజెక్టును ప్రజాప్రయోజనం అన్నది. అదే చట్టంలోని రెండో సెక్షన్ పేదలకు, భూమి లేనివారికి నివాసాలు కల్పించడాన్ని కూడా ప్రజాప్రయోజనమే అన్నది. ఒకే సెక్షన్‌లోని ఒక వాక్యానికి జిల్లాలో మూడు జలాశయాలు వచ్చాయి. పక్క వాక్యానికి మా వాడ పక్కన రెండెకరాలు రావా? సాగునీటిని నేను తప్పుపట్టడం లేదు. నీరు కావలసినప్పుడు దొరికిన భూమి ఇల్లు కావలసినప్పుడు ఎందుకు దొరకదన్నదే నా ప్రశ్న.

న్యాయస్థానం కూడా ఈ విషయంలో ఎప్పుడో దారి చూపింది. ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇళ్ల కోసం ప్రభుత్వం భూమి సేకరిస్తే భూయజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. చమేలీ సింగ్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1995 డిసెంబర్‌లో కోర్టు సేకరణను సమర్థించింది. నివాస హక్కు జీవించే హక్కులో భాగమని, నివాసమంటే తలమీద కప్పు మాత్రమే కాదని, వెలుతురు, గాలి, నీరు, పారిశుధ్యం, దారి ఉన్న చోటు అని వివరించింది. నివాస హక్కుకు ఇంత విస్తృతమైన అర్థం చెప్పిన తీర్పు దళితుల ఇంటిజాగల తగాదా నుంచే పుట్టిందన్న సంగతిని మనం తరచూ మరచిపోతుంటాం.

ప్రభుత్వం తలచుకుంటే చేయగలదనడానికి సిద్దిపేటే సాక్ష్యం. పట్టణ శివారు నర్సాపూర్‌లో 2020 డిసెంబర్ 10న 2,460 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభమయ్యాయి. లబ్ధిదారుని జాగ అడగకుండా, పైసా అడగకుండా 560 చదరపు అడుగుల ఇల్లు కట్టి ఇవ్వడం ఆ పథకంలోని గొప్పతనం. గ్రామాల్లో సగం ఇళ్లు ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలని దాని నిబంధనలు చెప్పాయి. అయితే పూర్తి ఖర్చు సర్కారుదే కావడంతో కట్టినవి కొన్నయి, ఎదురుచూసేవారు ఎందరో మిగిలారు. ఒక విధానం ఇల్లు మొత్తం ఇచ్చింది, కొందరికే ఇచ్చింది. మరో విధానం ఎక్కువ మందికి ఇస్తానన్నది, జాగ తెచ్చుకొమ్మన్నది. ఈ రెండింటి మధ్య చేయవలసిన పని ఒకటున్నది. జాగ సర్కారు ఇవ్వాలి, ఇల్లు సర్కారు సాయంతో కుటుంబం కట్టుకోవాలి.

ఊరు వదిలి పట్టణానికి వస్తే కులం బస్సు దిగి వెళ్లిపోదు. సిద్దిపేటలో డిగ్రీ చదివేటప్పుడు నేను కిరాయి అర్ర కోసం తిరిగాను. ఒక ఇంటావిడ అర్ర చూపించింది, కిరాయి చెప్పింది, మంచినీళ్లు ఇచ్చింది. చివరకు మెల్లగా, ‘మీరేమోళ్లు బిడ్డా?’ అన్నది. చెప్పాను. ‘మా చుట్టాలు వస్తున్నరు, అర్ర వాళ్లకే కావాలె’ అన్నది. నెల తర్వాత కూడా ఆ గేటుకు ‘టు లెట్’ బోర్డు వేలాడుతూనే ఉంది. 1917లో విదేశీ చదువులు చదివి బరోడా సంస్థానంలో కొలువుకు వచ్చిన అంబేడ్కర్‌ను పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఆ నగరంలో తలదాచుకునే చోటు దొరకక ఆయన బొంబాయి రైలెక్కారు. నూరేళ్లలో కర్రలు పోయి చుట్టాలు వచ్చారు. అంతే తేడా.

ఏ ప్రాంతంలోనైనా నివాస గృహంలో ఉండడానికి అంటరానితనం పేరిట అడ్డు చెప్పడం నేరమని 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టంలోని నాలుగో సెక్షన్ స్పష్టంగా చెప్తున్నది. కాని కారణం నోటితో చెప్పని తిరస్కరణను ఏ ఠాణాలో రుజువు చేయాలి? అందుకే చదువుకునే పిల్లలకు, పని కోసం వచ్చే కూలీలకు పట్టణాల్లో సర్కారీ వసతి గృహాలు, తక్కువ కిరాయి ఇళ్లు ఉండాలి. ప్రైవేటు యజమాని దయ మీద ఆధారపడనప్పుడే చట్టం రాసిన సమానత్వం అనుభవంలోకి వస్తుంది.

అసలే నీడ లేనివారి కోసం కేంద్రం 2013లో పట్టణ నిరాశ్రయుల ఆశ్రయ పథకం తెచ్చింది. లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటుండే శాశ్వత ఆశ్రయం ఉండాలన్నది దాని కొలత. 2011 నాటికే సిద్దిపేట జనాభా లక్ష దాటింది. ఆశ్రయం కాగితం మీద ఉంటే చాలదు. బస్టాండులో సంచి తలకింద పెట్టుకుని పడుకున్న ముసలివానికి అది ఎక్కడున్నదో తెలియాలి, వెళ్తే ఆధార్ అడగకుండా తలుపు తీయాలి.

గుర్తింపు కాగితాల మాట వస్తే ముందుగా గుర్తుకు రావలసినవారు బుడగ జంగాలు, డక్కలి, మాంగ్ వంటి కులాలవారు. తిరుగుడు బతుకులో స్థిర చిరునామా ఉండదు. చిరునామా లేకపోతే రేషన్ కార్డు రాదు. కార్డు లేకపోతే ఇంటికి అర్హత లేదు. ఇల్లు లేకపోతే చిరునామా లేదు. ఈ చక్రంలో వారు తరాలుగా తిరుగుతున్నారు. 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణ ఇటువంటి 15 అత్యంత వెనుకబడిన కులాలను మొదటి గ్రూపులో చేర్చి 1 శాతం వాటా ఇచ్చింది. ఆ వాటా చదువులో, కొలువులో. డేరాలో దీపం కింద చదివే పిల్ల ఆ కొలువు దాకా చేరాలంటే ముందు ఆమెకొక గోడ, ఒక తలుపు కావాలి. వర్గీకరణ స్ఫూర్తి ఇళ్ల కేటాయింపులకూ రావాలి.

నేను కోరే మార్పులు కొత్త చట్టాలకోసం ఎదురుచూడవలసినవి కావు. ఒకటి, ప్రతి గ్రామంలో ఎల్-2 జాబితాను గ్రామసభలో చదివి, సర్కారు భూమి ఉంటే దాన్నీ, లేకుంటే కొనుగోలు చేసి లేదా సేకరించి జాగలు పంచాలి. ఆ జాగలు వాడకు ఆవల ఇంకో వాడగా కాకుండా ఊరిలో కలిసేటట్లు ఉండాలి. రెండు, ఒక కప్పు కింద ఉన్న ప్రతి పెళ్లయిన జంటను వేరే కుటుంబంగా లెక్కించాలి. మూడు, గ్రామకంఠంలోని ఇళ్లకు హక్కు పత్రాలిచ్చే పనిని వాడ నుంచే మొదలుపెట్టాలి. నాలుగు, ఇందిరమ్మ ఇంటికి మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే వస్తున్నది. ఆ బేస్‌మెంట్ కోసం పేదవాడు మిత్తికి తెస్తున్నాడు. ఎస్సీ, ఎస్టీ, సంచార కులాలవారికి ముగ్గు పోసిన రోజే తొలి వాయిదా ఇవ్వాలి. ఐదు, చిరునామా లేనివారి విషయంలో స్వీయ ధ్రువీకరణను అంగీకరించాలి.

2024 నవంబర్‌లో సాగిన ఇంటింటి కుల సర్వే రాష్ట్రంలో ఎస్సీలు 17.43 శాతమని తేల్చింది. అప్పుడు లెక్కించేవారు మా ఇంటికీ వచ్చారు. కులం ఏమిటని అడిగారు, ఇల్లు ఎటువంటిదని అడిగారు. మా ఇంటి గోడకూ ఒక స్టిక్కర్ అంటించి వెళ్లారు. ఆ లెక్కలను పక్కపక్కన పెట్టి చదివితే ఏ కులానికి ఎన్ని గోడలున్నాయో, ఎంత జాగ లేదో ప్రభుత్వానికి తెలియకపోదు. తెలిశాక కూడా మూడోసారి విచారణకు వచ్చేవారు ఇల్లుందా, జాగుందా అనే అడిగితే, అది మా బాపు చెప్పవలసిన జవాబు కాదు. ప్రభుత్వం చెప్పవలసిన జవాబు.