పత్తి కట్టె మన చేలో, మిషన్ ఎక్కడో

పత్తి తీతలు అయిపోయాక క్రోసూరు మండలంలో ఏ డొంక పట్టుకుని వెళ్లినా పొగే. కట్టె పీకించి, కుప్పేసి అగ్గిపెట్టడం తప్ప రైతుకు దారి లేదు. చేలో ఉంచితే గులాబీ రంగు పురుగు వచ్చే పంట కోసం కాచుకుని కూర్చుంటుంది. పీకిన కూలీ మన నెత్తినే. ఎకరానికి దగ్గర దగ్గర టన్ను కట్టె ఇలా బూడిదవుతోంది. కొందరు ముక్కలు చేయించి దుక్కిలో కలుపుతున్నారు. అది మంచి పనే, నేలదే మొదటి హక్కు. మిగిలినదాని సంగతే నేను రాస్తున్నది.

ఈ కట్టెను పొడిచేసి మిషన్‌లో నొక్కితే బొగ్గుకు బదులు వాడే గుళికలవుతాయి. బొగ్గు విద్యుత్ కేంద్రాలు ఇలాంటి గుళికలు కొంత శాతం కలిపి మండించాలని కేంద్రం 2021 అక్టోబరులోనే విధానం తెచ్చింది. కృష్ణ అవతల ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఉంది. ఇటు పిడుగురాళ్ల సున్నపు బట్టీలున్నాయి, వాటికి పనికొస్తాయో లేదో పరీక్షించి చూడాలి. కొనేవాళ్లు ఇంత దగ్గర ఉంటే, తయారుచేసే చిన్న పరిశ్రమ మన ఊళ్లలో ఎందుకు లేవదు?

చిన్నవాడికి చోటే సగం పెట్టుబడి. పత్తి కట్టె ట్రక్కు నిండా కనిపిస్తుంది, కాటా మీద తేలిపోతుంది. కట్టెగా గుంటూరు తోలితే కిరాయే మింగేస్తుంది. గుళికలైతే బరువు దిగుతాయి, విజయవాడ చుట్టూ తిరిగి తోలినా గిట్టొచ్చు. అంటే మిషన్ చేను దగ్గరే ఉండాలి. కానీ మెకానిక్కు, విడిభాగాలు, పెద్ద కరెంటు లైను అన్నీ పట్నంలో. పెద్ద కంపెనీ మెకానిక్కును కారులో రప్పించుకుంటుంది. మన కుర్రాడు మిషన్ ఆగితే వారం కూర్చోవాలి. కట్టె దొరికేది రెండు మూడు నెలలే, వారమంటే తక్కువేం కాదు.

సర్కారుకు ఈ తేడా తెలియక కాదు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో జనరల్ వర్గానికి పట్నంలో 15 శాతం సబ్సిడీ, పల్లెలో 25. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళలకు పల్లెలో 35. బాగుంది. కానీ స్తంభాల ఖర్చు, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు దరఖాస్తుదారుడి మీద వేస్తే ఆ ఎక్కువ శాతం అక్కడే కరిగిపోతుంది.

సొసైటీ స్థలంలో షెడ్డు, కరెంటు లైను ప్రభుత్వమే వేసి, మిషన్ మన కుర్రాళ్లకు, మహిళా సంఘాలకు అప్పగించాలని మన సంఘం ఈ తీతలు ముగిసేలోగా నరసరావుపేట కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలి. అందులో ఒక షరతు గట్టిగా రాయాలి. కట్టెకు టన్ను ధర సీజన్‌కు ముందే కాగితం మీద ఉండాలి, పీకిన కూలీ అందులో కలవాలి.