టవరొద్దని సంతకం పెట్టి బూస్టరు కొనుక్కున్నాం

పోయిన వేసవిలో ఓ రాత్రి అల్ఫారెట్టాలో గాలివాన. ఇక్కడి పైన్ చెట్ల సంగతి తెలిసిందేగా, ఒకటి విరిగి లైను మీద పడింది, కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే, తెనాలి నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అమ్మకి షుగర్ పడిపోయి మాట తడబడింది. 911కి చేద్దామంటే ఫోన్లో ఒక్క గీత లేదు. వైఫై కాలింగు రూటరుతో పాటే పోయింది. 500 డాలర్లు పోసి అటక మీద బిగించిన సిగ్నల్ బూస్టరూ కరెంటుతో నడిచేదే కదా, అదీ చచ్చింది. మా ఆవిడ అమ్మకి పంచదార నీళ్ళు తాగిస్తుంటే నేను వానలో డ్రైవ్‌వే చివరిదాకా పరిగెత్తి, అక్కడ దొరికిన ఒక్క గీతతో ఫోన్ చేశాను. అమ్మ గట్టెక్కింది.

అప్పట్నుంచీ బూస్టర్లంటే నాకు మంట. ఏమాటకామాట చెప్పుకోవాలి, అసలు మంట నా మీదే. ఎందుకో చెప్తాను.

ముందు ఆ డబ్బా చేసేదేమిటి? ఇంటి కప్పు మీద ఒక యాంటెన్నా, లోపల ఒకటి, మధ్యలో ఆంప్లిఫయరు. టవరు నుంచి వచ్చేదాన్ని పెంచి ఇంట్లో వదుల్తుంది, మన ఫోను పంపేదాన్ని పెంచి టవరుకి పంపుతుంది. 70 డెసిబెల్సు పెంచిందంటే కోటి రెట్లన్నమాట. అయితే పెరిగేది సిగ్నలొక్కటే కాదు, దాంతో కలిసొచ్చిన గోల కూడా. బయటే గుసగుసగా ఉన్నదానికి మైకు పెడితే గుసగుస అర్థం కాదు, బుసబుస పెద్దదవుతుంది. రెండు యాంటెన్నాలూ మరీ దగ్గరగా పెడితే పెళ్ళిపందిట్లో మైకు కూసినట్టు కూస్తుంది. ఆ కూత మనకి వినపడదు, టవరుకి వినపడుతుంది. పాడయ్యేది పక్కవాళ్ళ కాల్స్. అందుకే ఎఫ్‌సీసీ 2013లో రూల్సు పెట్టింది. కూత మొదలైతే బూస్టరు తనంతట తానే తగ్గాలి, కొన్నవాడు ఫోన్ కంపెనీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. దీని ద్వారా 911కి చేస్తే మీరున్న చోటు తప్పుగా కనబడొచ్చని డబ్బాతో పాటు హెచ్చరిక కూడా ఇవ్వాలి. ఎవరు చదువుతారు! నేను చదవలేదు.

అన్నట్టు, హైదరాబాదులో అమ్మానాన్నల అపార్ట్‌మెంటుకి పనికొస్తుందని సూట్‌కేసులో బూస్టరు పట్టుకెళ్ళే మహానుభావులున్నారు. ఫోన్ కంపెనీలు తప్ప ఇంకెవరూ దాన్ని ఉంచుకోవడం, అమ్మడం, వాడటం చట్టవిరుద్ధమని అక్కడి టెలికాం శాఖ 2022లోనే చెప్పింది. ఎయిర్‌టెల్ 2019లో, జియో 2020లో వైఫై కాలింగు మొదలెట్టాయి. ముందు ఆ సెట్టింగు ఆన్ చేసి చూడండి బాబూ.

బూస్టరు బొత్తిగా పనికిరాదని నేననను. బయట సిగ్నల్ బాగుండి గోడలే అడ్డమైతే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆఫీసు అద్దాలకి వేడి రాకుండా వేసే సన్నటి లోహపు పూత రేడియో తరంగాల్ని కూడా అడ్డుకుంటుంది. మా క్లయింటు బిల్డింగులో కిటికీ పక్కన కూర్చున్నా ఫోను మూగదే. అలాంటి చోట సరే. మా ఇంటి జబ్బు గోడలు కాదు, టవరు దూరం.

టవరు దగ్గర్లో ఎందుకు లేదు? మేం వద్దన్నాం గనక. కొన్నేళ్ళ కిందట మా సబ్‌డివిజన్ వెనకాల కడతామని వస్తే పిటిషన్ తిప్పారు. ఇళ్ళ రేట్లు పడిపోతాయన్నారు, రేడియేషనన్నారు. గుళ్ళో ప్రసాదం క్యూలో కూడా అంత చురుగ్గా ఉండం, మన తెలుగువాళ్ళమే ముందు సంతకాలు పెట్టాం. కంప్యూటర్ సైన్సులో మాస్టర్సు చేసిన నేనూ పెట్టాను.

ఇది మా ఒక్క వీధి భాగోతం కాదు. మా పక్క ఊరు రాస్‌వెల్‌లో 2010లో టీ-మొబైల్ 108 అడుగుల టవరుకి చెట్టు వేషం వేసి ఇళ్ళ మధ్య ఖాళీ స్థలంలో పెడతానంది. సిటీ కౌన్సిల్ ఏకగ్రీవంగా కాదు పొమ్మంది. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2015లో 6-3తో సిటీ ఓడింది. టవరు మంచిదా చెడ్డదా అని కోర్టు తేల్చలేదు. కాదన్నప్పుడు కారణాలు కూడా దాదాపు అప్పుడే రాతలో ఇవ్వాలంది, అంతే. సిటీ వాటిని 26 రోజుల తర్వాత మీటింగు మినిట్స్‌లో ఇచ్చింది మరి.

ఎఫ్‌సీసీ పరిమితులు దాటనంతవరకు రేడియేషన్ సాకుతో టవరు ఆపడానికి 1996 టెలికాం చట్టం ఒప్పుకోదు. అందుకే మీటింగుల్లో అందరూ ఊరి అందం గురించి తెగ బాధపడిపోతారు. భయం మాత్రం రేడియేషనే. సరే, భయపడేవాళ్ళనే అడుగుతున్నాను. టవరు దూరమయ్యేకొద్దీ మీ ఫోను అంత గట్టిగా అరవాలి. ఆ అరిచేది ఎక్కడ, మీ చెవి పక్కన కాదూ?

పైగా ఖర్చు చూడండి. నేను 500 పోశాను, పక్కింటాయన పోశాడు, ఎదురింటివాళ్ళు పోశారు. ఫోన్ కంపెనీకి కానీ ఖర్చు లేదు, బిల్లు మాత్రం నెలనెలా వస్తూనే ఉంది. ఇంత పోసుకుని, కరెంటు పోయిన రాత్రి అందరం వానలోనే!

ఆ పిటిషన్ తిప్పినాయన మొన్న మా ఇంటికొచ్చాడు, మీ బూస్టరు ఏ మోడలండీ అంటూ. టవరు సంగతి మళ్ళీ ఎత్తుదామా అన్నాను. "మన వెనకాల ఎందుకండీ, ఆ చర్చి వెనక ఎక్కడైనా కడితే..." అన్నాడు. చర్చి వెనక ఇళ్ళవాళ్ళు అప్పుడే ఇంకో పిటిషన్ మొదలెట్టారట.

నేను మాత్రం మా వెనకాలే కట్టమని సిటీకి ఉత్తరం రాశాను. మా ఆవిడ కూడా సంతకం పెట్టింది. ప్రస్తుతానికి రెండే సంతకాలు.