అతిథి చేతిలో కెమెరా

ప్రయాణం మనిషికి లోకజ్ఞానాన్ని ప్రసాదిస్తుంది. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణం నుంచి కాశీకి బయలుదేరి, దారిలో శ్రీశైలాన్ని దర్శించి, కృష్ణానదిని దాటి, తాను చూసిన ఊళ్ళను, రేవులను, జనుల నడవడిని దినచర్యగా రాసుకున్నారు. నాడు యాత్రికుని చేతిలో ఉన్నది కలం. నేడు ఉన్నది కెమెరా. కలంతో ఒక మనిషిని వర్ణించాలంటే కొంతసేపైనా ఆ మనిషిని గమనించాలి, పలకరించాలి. కెమెరాకు ఆ అవసరం లేదు. రెప్పపాటులో పని పూర్తవుతుంది. ఈ సౌలభ్యమే నేటి యాత్రికుని ముందు ఒక ధర్మసందేహాన్ని నిలిపింది. దారిలో కనిపించిన మనిషి రూపాన్ని ఆ మనిషిని అడగకుండా తీసుకొనిపోవచ్చునా?

ఈ ప్రశ్న నల్లమలలో నిత్యం ఎదురవుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపురం సమీపంలోని సోమశిల వద్ద కృష్ణానది విశాలంగా పరచుకొని ఉంటుంది. శ్రీశైలం జలాశయం నిండినపుడు ఎత్తయిన గుట్టల తలలు మాత్రమే నీటిపైకి కనిపిస్తూ చిన్న చిన్న ద్వీపాలవలె ఉంటాయి. నీరు నిండుగా ఉన్న కాలంలో సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీలు సాగుతాయి. శ్రీశైలం వైపు నుంచి అక్కమహాదేవి గుహలకు పడవలు వెళతాయి. నదికి ఉత్తరాన అమ్రాబాద్ పీఠభూమి ఉన్నది. 2611 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల అమ్రాబాద్ పులుల అభయారణ్యం అక్కడిదే. కొత్తగా పెళ్ళయిన దంపతులు, సెలవులు దొరికిన ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు ఈ అందాలను చూడడానికి తరలివస్తున్నారు. అది సంతోషించదగిన విషయమే.

అయితే ఆ నీరు, ఆ అడవి నిర్జనమైనవి కావు. రేవులలో వలలు బాగుచేసుకొనే జాలరులు ఉన్నారు. పుట్టిలో తెడ్డు వేసే పిల్లలు ఉన్నారు. అడవి లోపల పెంటలనే చిన్న చిన్న పల్లెలలో చెంచులు ఉన్నారు. లాంచీ ఒడ్డుకు చేరగానే పది ఫోన్లు ఒక్కసారి పైకి లేస్తాయి. వల అల్లుతున్న ముసలివాడు, గుడిసె ముందు కూర్చున్న అవ్వ, నీటిలో ఆడుకుంటున్న పసివాడు ఆ ఫోన్లలోకి చేరిపోతారు. లాంచీ తిరిగి బయలుదేరే లోపే ఆ చిత్రాలు సామాజిక మాధ్యమాలలో వందలాది మంది కళ్ళముందు నిలుస్తాయి. వాటి కింద ఆ మనిషి పేరు ఉండదు. "అడవి బిడ్డ" అనో, "అమాయకపు నవ్వు" అనో యాత్రికుడు తనకు తోచిన మాట రాస్తాడు. ఆ మనిషి అమాయకుడో కాడో రాసినవానికి తెలియదు.

"బొమ్మ తీసినంత మాత్రాన వారికి పోయినదేమిటి?" అని కొందరు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్నకు సమాధానం ఆ నీటిలోనే ఉన్నది. ఆనకట్ట కట్టి 1980వ దశకంలో జలాశయాన్ని నింపినపుడు కృష్ణ ఒడ్డున ఉన్న ఎన్నో గ్రామాలు, పొలాలు మునిగిపోయాయి. సోమశిలలోని ప్రాచీనాలయాలను ఎత్తైన చోటికి తరలించి తిరిగి నిర్మించవలసి వచ్చింది. ఆవలి ఒడ్డున ఉన్న సంగమేశ్వరాలయం నేటికీ ఏటా నెలల తరబడి నీటిలో మునిగి, వేసవిలో నీరు తగ్గిన తరువాతనే దర్శనమిస్తుంది. లాంచీలో సాగే దంపతులకు కింద ఉన్నది నీలిరంగు నీరు. ఒడ్డున నిలిచిన ముసలివానికి అక్కడ ఉన్నది తండ్రి దున్నిన చేను కావచ్చు. అతనిని ఆ దృశ్యంలో ఒక అలంకారంగా నిలిపి చిత్రం తీసినపుడు అతని కథ పోతుంది. అతడు తన గురించి తాను చెప్పుకొనే అవకాశం పోతుంది. ఇవి చేతితో తాకి చూపగల వస్తువులు కావు గనుక పోలేదని అనుకోవడం పొరపాటు.

అమ్రాబాద్ అడవులకు కెమెరా కొత్తది కాదు. ఎనిమిది దశాబ్దాలకు పూర్వమే ఒక జంట అక్కడికి కెమెరాతో వచ్చింది. ఆస్ట్రియా దేశీయుడైన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ మానవశాస్త్రవేత్త. ఆయన భార్య బెట్టీ ఆంగ్లేయ వనిత. 1939లో రెండవ ప్రపంచయుద్ధం మొదలైన నాటికి వారు భారతదేశంలో ఉన్నారు. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయినందువల్ల హైమన్‌డార్ఫ్ బ్రిటిషు వారి దృష్టిలో శత్రుదేశపు పౌరుడు. హైదరాబాదు సంస్థానంలో ఉండడానికి మాత్రం ఆయనకు అనుమతి లభించింది. ఆ నిర్బంధాన్నే ఆయన అవకాశంగా మలచుకున్నారు. 1940లో దంపతులిద్దరూ నల్లమలలో చెంచుల మధ్య నెలల తరబడి నివసించారు. ఆ పరిశోధన ఫలితంగా చెంచులపై ఆయన రచించిన గ్రంథం 1943లో లండన్‌లో వెలువడింది. ఆ తరువాత వారు గోదావరి తీరపు కొండరెడ్ల వద్దకు, ఆదిలాబాద్ గోండుల వద్దకు వెళ్ళారు.

ఈ దంపతులు చిత్రాలతోనే తృప్తిపడలేదు. గిరిజనులు భూమిని, అడవిని కోల్పోతున్న తీరును హైమన్‌డార్ఫ్ ప్రభుత్వానికి నివేదించారు. ఆ నివేదికలు 1945లో 'ట్రైబల్ హైదరాబాద్' అనే పేరుతో పుస్తకంగా వచ్చాయి. దాదాపు నాలుగు దశాబ్దాల తరువాత వారు మళ్ళీ ఈ ప్రాంతాలకు వచ్చారు. తాము ఎరిగిన జనులు ఎలా ఉన్నారో, ఏమి కోల్పోయారో పరిశీలించారు. 1979లో వెలువడిన గోండుల గ్రంథం పుటపై బెట్టీ పేరు సహకార రచయిత్రిగా కనిపిస్తుంది. ఆమె 1987లో హైదరాబాదులో మరణించగా ఆదిలాబాద్ ప్రాంతపు మార్లవాయి గ్రామంలో సమాధి చేశారు. గిరిజనులు నేటికీ ఆ దంపతులను అక్కడ స్మరించుకుంటారు. ఒడ్డున దిగి పావుగంటలో తిరిగి లాంచీ ఎక్కే యాత్రికులు ఆ స్థాయిలో పరిచయాన్ని పెంచుకోలేరు. కాని ముందు పరిచయం, తరువాత చిత్రం అనే క్రమాన్ని పాటించడం పావుగంటలో కూడా సాధ్యమే.

హైమన్‌డార్ఫ్ దంపతుల పద్ధతిని కూడా ప్రశ్నించకుండా అంగీకరించనక్కరలేదు. వారు ప్రభుత్వ ఆదరణతో అడవిలో అడుగుపెట్టినవారు. అట్టి అతిథిని కాదనడం నాటి చెంచుకు సులభం కాదు. వారు తీసిన వేలాది చిత్రాలు నేడు లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. ఆ చిత్రాలలో ఉన్నవారి మనుమలు, మునిమనుమలు అప్పాపూర్ పెంటలోనో, సార్లపల్లిలోనో ఉండవచ్చు. తమ తాతముఖం ఉన్న మూలచిత్రాన్ని చూడడానికి వారికి సముద్రాలు అడ్డుగా ఉన్నాయి. ఇంత శ్రద్ధతో, ఇంతకాలం మెలగినవారి చిత్రాల విషయంలోనే ఈ ఋణం మిగిలి ఉన్నదంటే, అడగకుండా తీసుకొనిపోయే చిత్రాల ఋణం ఎంతటిదో ఆలోచించాలి.

ఈ ఆలోచన లోపించినచోట చట్టం కలుగజేసుకోవలసి వచ్చింది. అండమాన్ దీవులలో జారవా జాతివారు నివసించే అడవి గుండా ఒక రహదారి పోతుంది. ఆ దారిన వెళ్ళే పర్యాటకులు వారిని వింత జంతువులను చూసినట్లు చూడడం, చిత్రాలు తీయడం అలవాటుగా మారింది. 2012లో జారవా స్త్రీలచేత నాట్యం చేయించిన దృశ్యం ఒకటి బయటపడగా దేశమంతటా నిరసన వ్యక్తమైంది. ఆ ఏడాదే అక్కడి ఆదిమజాతుల రక్షణ నిబంధనలను సవరించి శిక్షలను కఠినతరం చేశారు. నల్లమల చెంచులు జారవాలవలె లోకానికి దూరంగా ఉన్నవారు కారు. వారి పిల్లలు ఆశ్రమ పాఠశాలలలో చదువుతున్నారు, వారు సంతలకు వస్తున్నారు, ఓటు వేస్తున్నారు. అయినా ఎదుటి మనిషిని వింతగా చూసే దృష్టి అక్కడా ఇక్కడా ఒక్కటే.

పర్యాటకం వల్ల స్థానికులకు ఆదాయం కలుగుతుందని, చిత్రాలు చూసి మరికొందరు వస్తారని కొందరి వాదన. ఇందులో నిజం ఉన్నది. అమ్రాబాద్‌లో చెంచు యువకులు యాత్రికులకు మార్గదర్శకులుగా పనిచేస్తున్నారు. చెట్టు పేరు, జంతువు అడుగుజాడ, తేనెపట్టు జాడ వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. పాపికొండల యాత్రలో పేరంటాలపల్లి వద్ద కొండరెడ్లు వెదురుతో చేసిన అలంకార వస్తువులను యాత్రికులకు అమ్ముతారు. ఇట్టి చోట్ల ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నది. ఒకరికి పని, మరొకరికి జ్ఞానం. ఒకరికి వెల, మరొకరికి వస్తువు. కాని ఒడ్డున నిలుచున్న మనిషి చిత్రం చూసి పదిమంది లాంచీ ఎక్కితే టికెట్టు సొమ్ములో ఆ మనిషికి భాగం లేదు. కనుక ఆదాయం అనే వాదన అడగకుండా తీసిన చిత్రానికి సమర్థన కాజాలదు.

చిత్రాలు అసలు తీయరాదనడం కూడా సరికాదు. దారిలేని పల్లె చిత్రం పత్రికలో వస్తే అధికారులు కదలవచ్చు. ఒక పెళ్ళి చిత్రం ఆ ఇంటివారికి తరతరాల జ్ఞాపకం కావచ్చు. కావలసినది మర్యాద. ప్రదర్శనశాలలోని రాతివిగ్రహం ముందు కూడా నియమాల పలకను చదివి నడుచుకొనే యాత్రికుడు ప్రాణమున్న మనిషి ముందు అంతకన్న ఎక్కువ జాగ్రత్త చూపవద్దా?

జంటగా ప్రయాణించేవారికి ఈ మర్యాద పాటించడం మరింత సులభం. భార్య అక్కడి స్త్రీల పక్కన కూర్చొని మాట కలపవచ్చు. భర్త రేవులో ఉన్నవారితో వల గురించి, చేపల గురించి, ఆ చేపల వెల ఎవరికి చేరుతుందో దాని గురించి అడిగి తెలుసుకోవచ్చు. తరువాత "అన్నా, ఒక బొమ్మ తీసుకోవచ్చునా?", "అవ్వా, నీ బొమ్మ తీసుకుంటే నీకేమైనా అభ్యంతరమా?" అని అడగడానికి పెద్ద భాషాజ్ఞానం అవసరం లేదు. వద్దంటే నవ్వుతూ కెమెరాను దించాలి. సరేనంటే తీసిన చిత్రాన్ని వారికి చూపాలి. నచ్చలేదంటే తొలగించాలి. పసిపిల్లల విషయంలో తల్లిదండ్రులను అడగాలి. స్నానఘట్టాలను, రోగులను, దుఃఖంలో ఉన్నవారిని చిత్రాలకు ఎక్కించరాదు. పదిమందికి చూపదలచుకుంటే ఆ సంగతి కూడా ముందే చెప్పాలి. ఇంటికి వెళ్ళిన తరువాత ఒక ప్రతిని అచ్చు వేయించి, లాంచీ సిబ్బంది చేతనో, మార్గదర్శకుని చేతనో ఆ మనిషికి పంపడం ఉత్తమం. దానికయ్యే ఖర్చు యాత్రలో ఒక పూట ఫలహారానికయ్యే ఖర్చుకన్న తక్కువే.

అతిథిని దేవునివలె చూడాలని మన సంప్రదాయం చెప్పింది. నల్లమల వాసులు ఆ సంప్రదాయాన్ని పాటిస్తూనే ఉన్నారు. దారి తప్పినవారికి దారి చూపుతారు, దప్పిగొన్నవారికి నీళ్ళిస్తారు. అట్టివారి ఇంటికి వచ్చిన అతిథికి కూడా కొన్ని ధర్మాలున్నాయి. నేటి విద్యార్థులలో చాలామంది రేపు యాత్రికులవుతారు. ప్రతివారి చేతిలోనూ కెమెరా ఉంటుంది. దానిని పైకెత్తే ముందు నోరు తెరిచి ఒక్కమాట అడగడం వారు అలవాటు చేసుకోవాలి. అలా అడిగి తీసిన చిత్రాన్ని పది సంవత్సరాల తరువాత చూసినపుడు, అందులో ఉన్న మనిషి పేరేమిటో వారు తడుముకోకుండా చెప్పగలుగుతారు.